నాలుగు వందల బక్క ఆవులు

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ ఎక్కడ చెప్పినా మొదటి సగం దగ్గరే ఆగిపోతుంది. తండ్రెవరో తెలియని కుర్రవాడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లి చదువు చెప్పమంటాడు. నీ గోత్రమేమిటని గురువు అడిగితే, తల్లి తనకు చెప్పినదాన్ని ఒక్క ముక్క దాచకుండా చెప్పేస్తాడు. ఇంత నిజం పలికినవాడు తగినవాడే అని గురువు ఒప్పుకుంటాడు. సభల్లో ఇంతవరకు చెప్పి, చూశారా మన సంప్రదాయం ఎంత ఉదారమో అని ముగిస్తారు. నిజానికి ఆ ఉదారతలో ఒక తిరకాసు ఉంది. గౌతముడు అర్హత అడగడం మానలేదు, అర్హతకు కొలబద్ద మాత్రం మార్చాడు. గోత్రం బదులు సత్యం. అసలు సంగతి రెండో సగంలో ఉంది. ఉపనయనం కాగానే గురువు తన మందలోంచి చిక్కిపోయిన, నీరసించిన నాలుగు వందల ఆవులను ఏరి, వీటిని కాసుకురా అని శిష్యుడికి అప్పగించాడు. ఇవి వెయ్యి కానిదే తిరిగి రానని చెప్పి సత్యకాముడు అడవికి కదిలాడు. బలిసిన ఆవులను ఎందుకు ఇవ్వలేదు? మందను పెంచడమే ఉద్దేశమైతే తేలిక దారి అదే కదా. దేశమంతా చదువుకోవాలనే మాట ఇప్పుడు ఎక్కువగా వింటున్నాం కాబట్టి, ఈ ప్రశ్నను పట్టుకుని కొంత దూరం నడవాలి.

తెలంగాణలోని కొల్లాపూర్ చుట్టూ ఉన్న నేల ఈ ప్రశ్నకు సరైన పరీక్ష. ఒకవైపు కృష్ణ, మరోవైపు నల్లమల. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వంశీయులకు ఇదే రాజధాని. పాండిత్యం విషయంలో ఆ సంస్థానానికి పేరు పెట్టలేం. సురభి మాధవరాయలు స్వయంగా చంద్రికా పరిణయం రాశాడు, అదీ మామూలు కవులు జంకే శ్లేషలతో. ఆ ఆస్థానంలోనే ఉన్న ఏలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి, సురభి మల్లభూపాలుడి పేరు మీద మల్లభూపాలీయం అన్నాడు. దొంగలు ఎత్తుకుపోలేని, ఇచ్చేకొద్దీ పెరిగే ధనం విద్య అని భర్తృహరి చెప్పిన మాట, అంటే, నాలుగు వందల ఏళ్ల కిందటే ఈ గడ్డ మీద తెలుగు పద్యమైంది. అయినా ఆ సంస్థానం ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి అట్టడుగున నిలిచింది. రాష్ట్రం 67 శాతం దగ్గర ఉంటే జిల్లా 55 శాతం, ఆడవాళ్లలోనైతే 45 శాతం కూడా లేదు. ఇచ్చేకొద్దీ పెరిగే ధనాన్ని అంతమంది పండితులు అన్ని తరాలు దగ్గర పెట్టుకుంటే ఫలితం ఇదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజాం ఏలుబడిలో తెలుగు బడికి చోటు లేకపోవడం, బోధన ఉర్దూలో సాగడం, వానలు లేక వలసపోవడం వంటి కారణాలు ఉన్నాయి, అవన్నీ నిజమే. వాటి వెనక ఇంకో కారణం ఉందని, అది మన ఆలోచనలోనే ఉందని నా వాదం. చదువును మనం దానమనుకున్నాం. అది అప్పు.

దానానికి ఒక వ్యాకరణం ఉంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం సాత్విక దానానికి దేశం, కాలం, పాత్రత చూడమంటుంది. అపాత్రదానం అనేది తెలుగులో తిట్టుతో సమానం. ఇచ్చేవాడు పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కింద. ఇస్తే పుణ్యం, ఇవ్వకపోతే పాపమేమీ లేదు. ఈ వ్యాకరణం చదువు దగ్గరా అన్నం దగ్గరా ఒకేలా పనిచేయలేదని చెప్పే గట్టి సాక్ష్యం 1261 నాటి మల్కాపురం శాసనం. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి కాకతీయులిచ్చిన మందడం గ్రామం ఆదాయాన్ని ఎవరెవరికి ఎంత పంచాలో అందులో చెక్కారు. గుడికి ఇంత, మఠానికి ఇంత, చదువుకునేవాళ్లకు, చదువు చెప్పేవాళ్లకు ఇంత, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు, సత్రానికి ఇంత అని. ఆ కాలానికి కాన్పుల ఆసుపత్రి ఆలోచన వచ్చిందంటేనే ఆ మనుషుల మీద గౌరవం కలుగుతుంది. సత్రంలో అన్నం మాత్రం బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా పెట్టాలన్నారు. వేదశాస్త్రాల చదువు దగ్గర అంత వెడల్పు తలుపు లేదు. ఒకే రాతి మీద రెండు నీతులు. ఆకలికి అర్హత అడగకూడదని వాళ్లకు తెలుసు. చదువు లేకపోవడం కూడా ఆకలి లాంటిదేనని తోచలేదు. చిత్రమేమిటంటే, అన్నదానం కంటే విద్యాదానం గొప్పదని, అన్నంతో కలిగే తృప్తి పూటదైతే చదువుతో కలిగేది జీవితకాలమని మన పెద్దలు పదేపదే చెబుతూ వచ్చారు. గొప్పదానికి గేటు, తక్కువదానికి బార్లా తెరిచిన తలుపు.

అప్పు అనే మాట నేను బయటి నుంచి తెచ్చిపెట్టింది కాదు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. ఋషుల ఋణం చదువుతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరుతాయి. ఇక్కడ చదువుకున్నవారు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు. అక్కడ ఉన్నది బ్రాహ్మణుడు అనే పదం, అందరికీ ఎలా వర్తింపజేస్తావు అని. న్యాయమైన అభ్యంతరమే. అయితే అదే ఆలోచనను శతపథ బ్రాహ్మణం ఎత్తుకున్నప్పుడు ఆ పదాన్ని వదిలేసింది. ఎవడు ఉన్నాడో వాడు ఋణంతోనే పుట్టాడని చెప్పి, మూడింటికి నాలుగోది కలిపింది, తోటి మనుషుల ఋణం. వైదిక వాఙ్మయంలోనే ఒక గ్రంథం ఇరుకు చేసినదాన్ని మరొకటి వెడల్పు చేసిందన్నమాట, నేను చేసేదల్లా ఆ వెడల్పు వైపు నిలబడటం. ఇస్లాంలోనూ ఇదే తీరు కనబడుతుంది. చదువు వెతుక్కోవడం ప్రతి ముస్లిం మీదా విధి అని ప్రవక్త మాటగా వినిపించే హదీసులో వాడింది విధిని చెప్పే ఫర్జ్‌కు చెందిన పదమే, దానాన్ని చెప్పే ఖైరాత్‌కు చెందినది కాదు. ఇంతకీ ఋషుల అప్పు ఎవరికి తీర్చాలి? ఋషులు లేరు. పలక మీద మొదటి అక్షరం దిద్దించినవాళ్లూ చాలామందికి మిగిలి ఉండరు. పైకి తిరిగి ఇవ్వడానికి వీల్లేని అప్పు ఇది, కిందికి, రాబోయే పిల్లవాడికి మాత్రమే చెల్లించగలం. కాబట్టి బడి గుమ్మంలో నిలబడ్డ పిల్ల యాచకురాలు కాదు. మనకు ఋణదాత. అప్పు వసూలుకు వచ్చినవాళ్లను నీకు అర్హత ఉందా అని అడిగే ఆచారం ఏ వ్యాపారంలోనూ లేదు.

మన రాజ్యాంగం నడిచిన దారి కూడా దానం నుంచి అప్పుకే. పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని 45వ అధికరణం చెప్పింది, పదేళ్ల గడువు పెట్టింది. 1960 వచ్చింది, వెళ్లింది. ఆదేశిక సూత్రం కాబట్టి ఏ తల్లీ కోర్టుకు వెళ్లి నా బిడ్డకు చదువేదని నిలదీయలేదు. ఇస్తే మెచ్చుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి. అచ్చంగా దానం తీరు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనంది. ఆ కేసు మొదలైంది పేదపిల్లల బడి గురించి కాదు, ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించి. పిల్లల హక్కు ఆ తగాదాలో పక్క నుంచి బయటపడింది, అదీ మన దేశంలో న్యాయం వచ్చే దోవ. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చాయి. పదేళ్లలో తీర్చాల్సిన బాకీకి పత్రం రాసుకోవడానికే అరవై ఏళ్లు పట్టింది. 2030 నాటికి అందరినీ కలుపుకునే నాణ్యమైన విద్య అని ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న నాలుగో లక్ష్యానికి మన దేశమూ తల ఊపింది కాబట్టి, పత్రం మీద ఇంకో సంతకం పడిందనుకోవాలి.

పత్రం సరే, చెల్లింపు సంగతేమిటి? లెక్కపెట్టగలిగినవి చాలావరకు చెల్లించాం, ఇది ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక 2003 నుంచి మన బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. మల్కాపురం సత్రం బంతి ఇప్పుడు ప్రతి ఊరి బడి వరండాలోకి చేరింది. జూన్ రాగానే బడిబాట, ఇంటింటికీ తిరిగి పేర్లు రాయించుకోవడం. 2022 మార్చిలో కొల్లాపూర్ పక్కనే ఉన్న వనపర్తిలో మొదలైన మన ఊరు మన బడి కార్యక్రమం నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీలు, గదుల మరమ్మతులు చూసుకుంటామంది. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం అదే ఏడాది దేశంలోని పల్లెల్లో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో 98.4 శాతం బడిలో పేరున్నవాళ్లే. ఆ సర్వేలోనే ఇంకో అంకె ఉంది. తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 5.2 శాతం. నాణ్యత అనే మాట మనకు నాణెం నుంచి వచ్చింది, గలగలలాడే మంచి నాణెం ఏదో, చెల్లని నాణెం ఏదో తేల్చేదే నాణ్యం. పేరు రాసుకుని, అన్నం పెట్టి, పుస్తకం చేతికిచ్చి, ఆ పుస్తకం చదవడం రాకుండా పంపితే అప్పును చెల్లని నాణెంతో తీర్చినట్టు. కరోనా వల్ల బడులు మూతపడ్డాయి కదా అంటారు. నిజమే, దెబ్బ పెద్దదే. కాని బడులు మామూలుగా నడుస్తున్న 2018లో కూడా ఆ అంకె 18.1 శాతం. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురికి పైగా అప్పటికే చదవలేకపోతున్నారు. కరోనా ఆ గుంటను లోతు చేసింది, తవ్వింది మాత్రం కాదు. పై తరగతికి తోసేయకుండా ఆపేస్తే సరి అనే వాదన కూడా నాకు రుచించదు. తోసేయడం బాకీని కొత్త పద్దులోకి మార్చడమైతే, ఆపేయడం బాకీ తీరనందుకు ఋణదాత మీదే జరిమానా వేయడం.

ఇక బలమైన అభ్యంతరం. ఉన్న డబ్బు తక్కువ, ఉన్న మంచి ఉపాధ్యాయులు తక్కువ, అందరికీ పంచితే ఎవరికీ ఏమీ మిగలదు, కాబట్టి చురుకైనవాళ్లను ఏరి వాళ్ల మీద పెడితే ఊరికి వెలుగవుతారు. ఇది స్వార్థపరుల వాదన అని కొట్టేయలేం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల వెనక ఉన్నది ఈ ఆలోచనే. పల్లెల్లోని పేద పిల్లల్లో తెలివైనవాళ్లు మట్టిలో కలిసిపోతున్నారు, వాళ్లను వెతికి పట్టుకోవాలని. పట్టుకున్నారు కూడా. ఆ ఒక్క బడి నుంచి మొదలై ఈనాడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాల దాకా పెరిగిన వరస తెలంగాణ సాధించిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. పూట గడవని ఇంటి ఆడపిల్లకు తలుపున్న గది, మూడు పూటల తిండి, ప్రశ్న అడిగితే బదులు చెప్పే టీచరు దొరకడం చిన్న సంగతి కాదు. పేచీ ప్రవేశ పరీక్ష దగ్గర. ఆ పరీక్ష ఉందని తెలిసిన తల్లిదండ్రులు, దరఖాస్తు నింపించగలిగినవాళ్లు, బిడ్డ పక్కన కూర్చోగలిగినవాళ్లు ముందుకొస్తారు. చురుకైన పిల్లలు వెళ్లిపోయాక ఊరి బడిలో మిగిలినవాళ్ల సంగతి అడిగే గొంతు కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. గురుకులం తప్పు చేసిందని కాదు, గురుకులం ఉంది కదా అని ఊరి బడి బాకీ రద్దు చేసుకోవడం తప్పు.

ఈ మాటకు కొల్లాపూర్ వాళ్లకు వేరే ఉపమానం అక్కర్లేదు. శ్రీశైలం జలాశయం నిండబోతున్నప్పుడు జటప్రోలు, సోమశిల గుళ్లను విప్పి మెరక మీదికి చేర్చారు. గుడిని తరలించేటప్పుడు నగిషీ ఉన్న రాళ్లే పట్టుకుపోదాం, చెక్కడం లేని మొద్దు రాళ్లు నీళ్ల పాలైనా ఫర్వాలేదు అని ఎవరూ అనలేదు. అలా అంటే అవతలి గట్టున లేచేది గుడి కాదు, శిల్పాల ప్రదర్శన. అదెంత అందంగా ఉన్నా దీపం పెట్టేందుకు గర్భగుడి ఉండదు. పైగా ఏ రాయి పనికొచ్చేదో ఏరడానికి తొమ్మిదేళ్ల వయసులో రాసే ఒక పరీక్ష చాలదు.

దీనికంటే పాతది, లోపల్లోపల పనిచేసేది ఇంకో అభ్యంతరం. ఎవరి రాత వాళ్లది, చదువు అబ్బాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి, సరస్వతీ కటాక్షం అందరికీ దొరుకుతుందా అని. దీన్ని మూఢనమ్మకమని తోసేస్తే వాదించినట్టు కాదు. కర్మ సిద్ధాంతాన్ని దాని మాట మీదే నిలబెట్టి చూడాలి. నా స్థితికి నా చేతలు కారణమనుకోవడం మనిషిని పనికి పురికొల్పుతుంది, అది ఆ సిద్ధాంతానికున్న మేలు. అదే సూత్రాన్ని ఎదుటివాడి బిడ్డకు అంటగట్టినప్పుడు అది సిద్ధాంతం కాదు, సాకు. ఋణదాత పూర్వజన్మలో ఏం చేశాడో నాకనవసరం, తీర్చకపోతే అది నా ఖాతాలో నా కర్మ. పాలమూరు (మహబూబ్‌నగర్) విషయంలో ఈ తలరాత వాదం బతుకుతెరువు వేషంలో వస్తుంది. పంట పోయాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలకు కుటుంబాలే పని వెతుక్కుంటూ కదిలిన నేల ఇది, దేశమంతటా ఆనకట్టలు కట్టిన, రోడ్లు వేసిన చేతులివి. తల్లిదండ్రులతో పాటే పిల్లలూ కదులుతారు, బడి వాళ్ల కోసం ఆగదు. పేదవాళ్లకు పిల్లల సంపాదన కావాలి, వాళ్లే చదువు వద్దనుకుంటారని చాలాకాలం పండితులూ అధికారులూ నమ్మారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆ నమ్మకాన్ని తిరగేసింది. బడిలో లేని ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాడినీ బాలకార్మికుల కిందే లెక్కగట్టాలని, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకునే పిల్లయినా సరే, వాళ్లు పట్టుబట్టారు. ఏళ్ల తరబడి మేకలు కాసినవాళ్లను, జీతం ఉన్నవాళ్లను వారధి శిబిరాల్లో కూర్చోబెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. తల్లిదండ్రులు అడ్డుపడకపోగా పంపించారు. తలరాత అనుకున్నది నిజానికి బడి గుమ్మం ఎత్తు అని తేలింది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం నల్లమల నుంచి వస్తుంది. ఆ అడవిలోని చెంచుల గురించి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో పుస్తకం వేసేనాటికి వాళ్లు వేట, తేనె, గడ్డల మీద బతికేవాళ్లు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పుట్టలో ఏముందో వాళ్ల పదేళ్ల పిల్లలకు తెలిసినంత మన వృక్షశాస్త్ర పట్టభద్రులకు తెలియదు. అలాంటి పిల్లను పెంట అని పిలిచే చెంచుగూడెంలోంచి తీసి ఆశ్రమ పాఠశాలలో వేసి, తనది కాని తెలుగులో తను చూడని వస్తువుల గురించి పాఠం చెప్పి, అడవికీ ఊరికీ కాకుండా చేసి పంపడాన్ని అప్పు తీర్చడం అంటామా? అందరినీ కలుపుకోవడం అంటే మనలో కలిపేసుకోవడమా? ఈ ప్రశ్న వేసినవారి మాటలో బలముంది. తండాలో గోర్‌బోలీ మాట్లాడే లంబాడీ పిల్లకు బడి తొలిరోజునే పరాయి దేశం కావడమూ ఇలాంటిదే. మొదటి తరగతుల్లో ఇంటి భాష వాడమని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాట నిజంగా ఆచరణకు వస్తే కొంత మేలు. సత్యకాముడి కథ కూడా ఈ వైపే సాక్ష్యం చెబుతుంది. అతనికి బ్రహ్మవిద్య ఒక్కో పాదం నేర్పింది ఎద్దు, అగ్ని, హంస, నీటి కాకి. అడవే బడి అయిన చదువది. కాని ఇక్కడ నుంచి, కాబట్టి చెంచు పిల్లను అలాగే వదిలేద్దాం అనే చోటికి వెళ్లేవాళ్లతో నేను రాలేను. అడవిలో ఉండిపోవాలన్నా ఇవాళ కాగితం చదవాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద భూమి అడగాలంటే దరఖాస్తు, గ్రామసభ తీర్మానం కావాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పేరుతో ఎవరైనా వచ్చి ఖాళీ చేయమంటే ఆ నోటీసులో ఏముందో తెలియాలి. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చి నల్లమల అట్టుడికినప్పుడు, ఆ అడవి ఎవరిదో వాళ్లే ఆ ఫైళ్లు విప్పి చదివి ప్రశ్నించగలిగి ఉంటే వాదన ఇంకెంత పదునుగా ఉండేదో. అడవిలో ఉంటానో ఊరికి వస్తానో తేల్చుకునే శక్తి ఇవ్వడమే ఇక్కడ బాకీ. ఏ ముఖం ఉన్న నాణెం ఇవ్వాలో ఋణదాతను అడగాలి. అసలు ఇవ్వకుండా ఎగ్గొట్టడానికి ఆమె సంస్కృతిని అడ్డం పెట్టుకోకూడదు.

చివరగా, అప్పు, హక్కు, వసూలు అంటూ చదువును కోమటి కొట్టు చేస్తున్నావు, గురువుకు శిష్యుడి మీద ఉండే ప్రేమ ఏమైపోవాలి అని అడిగేవారున్నారు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటలు ఈ సందేహానికి పనికొస్తాయి. శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధతో ఇవ్వకు అంటాడు. అక్కడితో ఆగడు, సిగ్గుతో ఇవ్వమంటాడు, భయంతో ఇవ్వమంటాడు. దాతకు సిగ్గెందుకు, భయమెందుకు? దానమే అయితే గర్వంగా ఇవ్వొచ్చు, బడి గోడ మీద పాలరాయి ఫలకం వేయించుకోవచ్చు. సిగ్గూ భయమూ ఉండేది గడువు దాటిన బాకీదారుకి. ప్రేమకు అది అడ్డు కాదు. ఇంకా ఎంతో ఇవ్వాల్సి ఉందని తెలిసినవాడి చేతిలోనే నిదానం ఉంటుంది. తెలుగు వాచకాన్ని కూడబలుక్కునే పిల్ల ముందు విసుక్కోకుండా కూర్చునే టీచరులో ఉన్నది దయ అని మనం అంటాం. ఆమెను అడిగితే నా పని అంటుంది, ఆమె మాటే ఎక్కువ సరైనది.

అందుకే గౌతముడు బలిసిన ఆవులను ఇవ్వలేదనుకుంటాను. బలిసినవి ఎవరు కాసినా బతుకుతాయి, వాటితో కాపరి పనితనం తెలియదు. మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవలేని నూటికి 95 మందిని పక్కన పెట్టి టాపర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టే రాష్ట్రం తన మందను ఏ ఆవులతో లెక్కపెట్టుకుంటోందో చూస్తూనే ఉన్నాం. ఉపనిషత్తు మాత్రం లెక్క చాలా స్పష్టంగా చెప్పింది. సత్యకాముడు ఏళ్ల తరబడి అడవిలోనే ఉండిపోయాడు. మంద వెయ్యికి చేరిన రోజున ఒక ఎద్దు అతణ్ని పిలిచి, వెయ్యి అయ్యాం, మమ్మల్ని గురువుగారింటికి తోలుకుపో అంది. ఆ తర్వాత బ్రహ్మవిద్యలో మొదటి పాదం అదే అతనికి చెప్పింది. ఆ ఎద్దు పెరిగింది బక్క ఆవుల మందలోనే.